కరోలిన్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

ఖగోళ శాస్త్రవేత్త కరోలిన్ హెర్షెల్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. నీకు రాయడం వచ్చు, అందులో అనుమానం లేదు. కానీ మొదటి పేరాలోనే "అన్న నీడలో మిగిలిపోయిన చెల్లెలు" అని తేల్చేశావు, ఇక అక్కడి నుంచి ఆమె ఏం చేసినా ఆ మాటకి సాక్ష్యం చెప్పడానికే చేసినట్టుంది. ఆ వాక్యం కొట్టెయ్. అన్నాచెల్లెళ్లిద్దరూ రాత్రిళ్లు అసలు ఏం పని చేసేవాళ్లో ముందు చూపించు.

ఆమె అన్న విలియం, ఆయనా ఖగోళ శాస్త్రవేత్తే, ఇరవై అడుగుల టెలిస్కోపు దగ్గర చలిలో నిలబడేవాడు. చూసింది రాసుకుందామని దీపం వైపు తిరిగితే చీకటికి అలవాటు పడ్డ కన్ను చెదిరిపోతుంది, ఆకాశంలో పల్చటి మబ్బు ముక్కల్లా ఉండే మసక నీహారికలు మళ్లీ కనపడాలంటే చాలాసేపు ఆగాలి. అందుకని అతను కన్ను తీయకుండా గట్టిగా చెప్పేవాడు, ఆమె కిటికీ దగ్గర దీపం, గడియారం పెట్టుకుని టైముతో సహా రాసేది. తెల్లారాక ఆ లెక్కలు కట్టి శుభ్రంగా ఎత్తి రాసేదీ ఆమే. దాదాపు 2,500 నీహారికలు, నక్షత్ర గుచ్ఛాల జాబితాలు అలా తయారయ్యాయి. ఒక్కరి వల్ల అయ్యే పని కాదది.

1783 డిసెంబర్ 31 రాత్రిని నువ్వు "గాయపడింది" అని ఒక్క ముక్కలో దాటేశావు, నాకు చాలా బాధేసింది. వాళ్లుండే ఇంగ్లండ్ ఊరు డాచెట్‌లో కరుగుతున్న మంచు, చీకటి. టెలిస్కోపు కదపమని అన్న కేకేస్తే పరిగెత్తి జారిపడింది, ఇనుప కొక్కెం మోకాలి పైన దిగింది. త్వరగా కానివ్వమని అతను అటు నుంచి తొందరపెడుతున్నాడు, కొక్కేనికి చిక్కుకున్నానని మాత్రమే ఆమె చెప్పగలిగింది. లేపేసరికి రెండు ఔన్సుల దాకా మాంసం కొక్కేనికే ఉండిపోయింది. ఆ తర్వాత ఆమె రాసుకున్నదేంటో తెలుసా? మిగతా రాత్రంతా మబ్బు పట్టింది కాబట్టి అన్నకి నష్టం రాలేదు, అదే ఊరట అని. ప్రేమా, అలవాటా, భయమా? నువ్వు తేల్చొద్దు, పాఠకుడి ముందు పెట్టు చాలు.

అన్న కోసం పాట వదులుకుంది, అదీ రాయి. ఇంగ్లండ్‌లోని బాత్ అనే ఊళ్లో కచేరీలు పాడిన గొంతు ఆమెది. 1786 ఆగస్టు 1న అన్న జర్మనీలో ఉండగా ఒక్కతే తోకచుక్కని పట్టుకుంది, మరుసటి ఏడాది ఇంగ్లండ్ రాజుగారు ఏడాదికి 50 పౌండ్ల జీతం ఇచ్చారు, అదీ రాయి.

ఇంకొక్కటి. 1788లో విలియం పెళ్లి చేసుకున్నాడు. ఆ తర్వాతి పదేళ్ల డైరీల్ని ఆమే నాశనం చేసేసింది. నువ్వు ఆ ఖాళీలో వదినా ఆడపడుచుల గొడవ ఒకటి కల్పించి డైలాగులతో సహా నింపావు, తీసెయ్. దాచుకోవాలనుకుని దాచుకుంది కదా ఆవిడ. డైరీలు లేవని ఒక్క వాక్యం రాసి, నేరుగా 1798కి వెళ్లిపో, అంతకు ముందు తరం ఖగోళ శాస్త్రవేత్త ఫ్లామ్‌స్టీడ్ నక్షత్రాల జాబితాలో తప్పులు సరిదిద్ది ఆమె తన పనిగా అచ్చు వేయించిన ఏడాదికి.

తిరగరాశాక మళ్లీ పంపు, ఎదురుచూస్తుంటాను.

మీ అన్నయ్య