డైసల్ఫిరామ్ వేసుకుంటూ కల్లు తాగితే

చెల్లెమ్మా, తాగుడు మాన్పించే డైసల్ఫిరామ్ మాత్ర వేసుకున్న మీ ఆయన రాజాంలో ఒక ముంత తాటికల్లు తాగితే ముఖం కందిపోయి, గుండెదడ, వాంతులు పట్టుకున్నాయి, మాత్ర నాసిరకమేమో అన్నారు కదా. మాత్ర నాసిరకం కాదమ్మా, కల్లులోనూ ఆల్కహాల్ ఉంటుంది. డైసల్ఫిరామ్ దాన్ని పూర్తిగా విరగనివ్వదు, ఎసిటాల్డిహైడ్ అనే విష పదార్థం ఒంట్లో పేరుకుపోతుంది. ఇదే మాత్ర వేసుకునే మా తమ్ముడికి ఆల్కహాల్ ఉన్న దగ్గు సిరప్‌తోనే ఇలా అయింది. చెవులు కూడా మందారాల్లా ఎర్రబడ్డాయి, చూసి నా ప్రాణం పోయినంత పనైంది. మాత్ర ఆపేసినా 2 వారాల దాకా ఆల్కహాల్ తీసుకుంటే ప్రమాదమే. ఛాతీ నొప్పి వచ్చినా, ఊపిరాడకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

మగత, నోట్లో ఇనుము రుచి మామూలుగా వచ్చేవే. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా డాక్టర్ దగ్గర లివర్ పరీక్షకు ఆలస్యం చేయొద్దు. మీ అత్తగారు అన్నట్టు ఆయనకు చెప్పకుండా మాత్ర కూరలో కలపడం మాత్రం వద్దమ్మా, ప్రాణాల మీదకు వస్తుంది.