‘మకరాటా ప్రాజెక్ట్’ ఆల్బమ్ ప్రత్యేకత ఏమిటి? డబ్బులు ఎవరికి వెళ్లాయి?

2020 అక్టోబర్ 30న వచ్చిన ఈ చిన్న ఆల్బమ్‌లో ఉన్నవి 7 ట్రాకులే. ఆస్ట్రేలియా రాక్ బ్యాండ్ మిడ్‌నైట్ ఆయిల్ దీన్ని ఆదివాసీ కళాకారులతో కలిసి చేసింది. జెస్సికా మౌబాయ్, డాన్ సుల్తాన్, కెవ్ కార్మోడీ, ఫ్రాంక్ యామా, ట్రాయ్ కాసర్-డేలీ వంటివాళ్లు ఇందులో ఉన్నారు. 2017లో కన్నుమూసిన ఆదివాసీ గాయకుడు గుర్రుముల్ గొంతు కూడా ఒక పాటలో వినిపిస్తుంది.

మకరాటా అనేది ఉత్తర ఆస్ట్రేలియా ఆదివాసులైన యోల్ఙు ప్రజల మాట. గొడవ తర్వాత ఇరుపక్షాలూ కూర్చుని, జరిగిన అన్యాయాన్ని ఒప్పుకుని రాజీపడటం అని స్థూలంగా చెప్పుకోవచ్చు. 2017 మేలో ఆదివాసీ ప్రతినిధులు విడుదల చేసిన ‘ఉలురు ప్రకటన’లో ఈ మాటే కీలకం. పార్లమెంటుకు సలహా ఇచ్చే ఆదివాసీ వేదికను రాజ్యాంగంలో చేర్చాలనీ, ఒప్పందాల కోసం, నిజాలు బయటపెట్టడం కోసం మకరాటా కమిషన్ వేయాలనీ అందులో కోరారు. ఆ ప్రకటనను ఆల్బమ్‌లో ఆదివాసీ నాయకురాలు పాట్ ఆండర్సన్, జర్నలిస్ట్ స్టాన్ గ్రాంట్, ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ మాజీ ఆటగాడు ఆడమ్ గూడ్స్ మొదలైనవాళ్లు చదివారు. నన్నడిగితే ముందు వినాల్సింది అదే. ఏ పాటా అంత సూటిగా తాకదు.

డబ్బు సంగతి: బ్యాండ్ తన వాటా మొత్తాన్ని ఉలురు ప్రకటనను జనంలోకి తీసుకెళ్లే సంస్థలకు ఇచ్చింది. సోనీ మ్యూజిక్ ఆస్ట్రేలియా కూడా అంతే మొత్తం కలిపింది. ఆల్బమ్ ఆస్ట్రేలియా చార్టుల్లో మొదటి స్థానానికి చేరింది. కానీ 2023 అక్టోబర్ 14 రిఫరెండంలో ఆ ఆదివాసీ వేదిక ప్రతిపాదనను సుమారు 60 శాతం మంది ఓటర్లు తిరస్కరించారు.