అమెరికాలో బడ్జెట్ ఆగితే ప్రభుత్వం పడిపోదు, ఆఫీసులు మూతపడతాయి. ఎందుకలా?

మీరడిగింది: "అమెరికా అధ్యక్షుడికి అన్ని అధికారాలుంటాయి కదా, బడ్జెట్ పాస్ చేయించుకోలేక షట్‌డౌన్ దాకా ఎందుకు వస్తుంది? అలాంటప్పుడు ప్రభుత్వం రాజీనామా చెయ్యాలి కదా?"

2019 జనవరిలో మా అమ్మ కూడా ఫోన్లో ఇదే అడిగింది. "ఒరే, అక్కడ గవర్నమెంటు పడిపోయిందట, మళ్ళీ ఎలక్షన్లా?" పడిపోలేదమ్మా, మూసేశారు అన్నాను. "మూసెయ్యడమేంట్రా, అదేమన్నా కిరాణా కొట్టా?" అంది. అప్పటికి వారంలో నా సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ ఉంది. వంద ప్రశ్నలూ బట్టీ పట్టేశాను (అప్పట్లో అందులోంచి పది అడిగేవారు, ఆరు చెప్తే చాలు). అయినా అమ్మకి సరైన జవాబు తట్టలేదు.

అమ్మ సందేహం సహజమే. మన దగ్గర ప్రభుత్వం అంటే లోక్‌సభలో మెజారిటీ. అది పోతే కుర్చీ పోతుంది. 1999 ఏప్రిల్‌లో వాజ్‌పేయి ఒకే ఒక్క ఓటు తేడాతో దిగిపోయారు, 269 - 270. ఆ రోజు స్పీకర్ స్థానంలో ఉన్నది మన అమలాపురం ఎంపీ బాలయోగి గారే. ద్రవ్య బిల్లు ఓడినా అంతే సంగతులు.

అమెరికాలో ఆ లింకే లేదు. 1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసినవాళ్ళు కావాలనే అలా పెట్టారు. అధ్యక్షుడు నాలుగేళ్ళకి విడిగా ఎన్నికవుతాడు, ప్రతినిధుల సభ రెండేళ్ళకి, సెనేటర్లు ఆరేళ్ళకి. అవిశ్వాస తీర్మానం అన్నదే లేదు. అభిశంసన ఉంది గానీ అది తప్పు చేశాడన్న ఆరోపణ మీద, ఓటింగ్‌లో ఓడినందుకు కాదు. సభను రద్దు చేసే అధికారం అధ్యక్షుడికి లేదు. సభలో సభ్యుడిగా ఉంటూ మంత్రి పదవి చెయ్యడం కూడా కుదరదు, అందుకే 2009లో హిల్లరీ క్లింటన్ సెనేట్ సీటు వదులుకుని విదేశాంగ మంత్రి అయ్యారు.

ఇక ఖజానా తాళం. చట్టం చేసి కేటాయిస్తే తప్ప ఖజానా నుంచి పైసా తియ్యకూడదని రాజ్యాంగం మొదటి అధికరణంలోనే ఉంది. ఆ చట్టానికి రెండు సభలూ ఒప్పుకోవాలి, అధ్యక్షుడు సంతకం పెట్టాలి. వాళ్ళకి పడకపోతే ఎవరూ ఇంటికి పోరు, డబ్బు మాత్రం ఆగిపోతుంది.

తమాషా ఏంటంటే, ఆఫీసులు మూసెయ్యాలని రాజ్యాంగంలో ఎక్కడా లేదు. 1980కి ముందు కేటాయింపుల్లో ఖాళీ వచ్చినా పని చాలావరకు నడిచిపోయేది. ఆ ఏడాది అటార్నీ జనరల్ సివిలెట్టి, డబ్బు మంజూరు కాకుండా పని చేయించుకోవడం చట్టవిరుద్ధమని అభిప్రాయం ఇచ్చాడు. ప్రాణాలకీ ఆస్తికీ సంబంధించిన పనులకే మినహాయింపు. నన్నడిగితే ఇప్పటి గొడవంతా ఆ కాగితంతోనే మొదలైంది.

ఆ మినహాయింపు ఎలా ఉంటుందో మా పక్క ఫ్లాట్ ఆయన్ని చూస్తే తెలిసింది. ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ చెకింగ్ ఉద్యోగం. డ్యూటీకి వెళ్ళక తప్పదు, జీతం మాత్రం రాదు. జనవరి రెండో వారంలో లిఫ్ట్ దగ్గర ఫోన్ తీసి పే స్లిప్ చూపించాడు. గంటలన్నీ ఉన్నాయి, చివర్లో నెట్ పే 0.00. నవ్వాడు కానీ ఆ నవ్వు చూడలేకపోయాను. ఆయనలాంటి వాళ్ళు దేశం మొత్తం మీద దాదాపు ఎనిమిది లక్షల మంది, కొందరు ఇంట్లో, కొందరు జీతం లేకుండా డ్యూటీలో.

నా ఇంటర్వ్యూ కూడా ఆగిపోతుందేమో అని ఒకటే టెన్షన్. ఆగలేదు. ఇమిగ్రేషన్ ఆఫీసు ఎక్కువగా మనం కట్టే ఫీజుల మీదే నడుస్తుందట, నా 725 డాలర్లు అలా పనికొచ్చాయి. "ప్రభుత్వంలో ఒక శాఖకే మరీ ఎక్కువ బలం రాకుండా ఏది ఆపుతుంది?" అని ఆఫీసరు అడిగారు. "చెక్స్ అండ్ బ్యాలెన్సెస్" (అంటే ఒకరి మీద ఒకరికి అదుపు) అని టకీమని చెప్పేశాను. మనసులో మాత్రం పక్కింటాయన సున్నాలే.

ఆ షట్‌డౌన్ గొడవ మెక్సికో సరిహద్దు గోడ గురించి. ట్రంప్ 570 కోట్ల డాలర్లు అడిగాడు, ప్రతిపక్ష డెమొక్రాట్లు ఇచ్చేది లేదన్నారు. జనవరి 3 నుంచి ప్రతినిధుల సభ వాళ్ళ చేతికొచ్చింది. ఆఫీసులు తెరిచేదాకా ఏటా చేసే ప్రసంగానికి సభకి రావద్దని స్పీకర్ పెలోసీ చెప్పేసింది, ఆయన ఆగాల్సి వచ్చింది! 35 రోజులకి గోడ డబ్బు లేకుండానే తాత్కాలిక బిల్లు మీద సంతకం పెట్టాడు. (ఆ రికార్డు 2025లో 43 రోజులతో పోయింది.)

కథ అక్కడితో అయిపోలేదు. ఫిబ్రవరిలో ఎమర్జెన్సీ ప్రకటించి వేరే పద్దుల డబ్బు మళ్ళించబోయాడు. కాంగ్రెస్ (అంటే ఆ రెండు సభలూ కలిపి) కాదని తీర్మానం చేసింది. ఆయన వీటో చేశాడు. వీటోని కొట్టెయ్యాలంటే మూడింట రెండొంతుల ఓట్లు కావాలి, ప్రతినిధుల సభలో 248 మందే కొట్టెయ్యాలన్నారు, చాలలేదు. రక్షణ శాఖ నుంచి మళ్ళించిన మరో 250 కోట్ల డాలర్ల మీద వ్యవహారం సుప్రీంకోర్టుకెళ్ళింది. కేసు తేలేలోపు వాడుకోవచ్చని జులైలో జడ్జీలు 5 - 4తో అన్నారు. చూశారా, ఏ ఒక్కరూ పూర్తిగా గెలవలేదు, ఏ ఒక్కరూ పదవి పోగొట్టుకోలేదు.

పక్కింటాయనకి బకాయి జీతం మొత్తం వచ్చింది. ఇక్కడ ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది, అప్పటికి డబ్బు మంజూరు కాకపోతే మళ్ళీ షట్‌డౌనే. అందుకని ఆయన ఇప్పటికీ సెప్టెంబర్ రాగానే క్రెడిట్ కార్డు బాకీలన్నీ తీర్చేసి, రెండు నెలల అద్దె పక్కన పెట్టుకుంటాడు.