మెడలో బిళ్ల సరే... ఆ గొంతు మార్పు సంగతేమిటి?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. కుడి దవడ కింద, మెడలో గోళీకాయంత బిళ్ల కట్టి రెండు నెలలైంది. నొప్పి లేదు. పాత చీటీ చూపించి యాంటీబయాటిక్ తెచ్చుకుని ఐదేసి రోజుల చొప్పున రెండుసార్లు వాడాను. రోజూ బామ్ రాసి మర్దన చేయిస్తున్నాను. పక్కనే నరం కొట్టుకుంటున్నట్టు వేలికి తెలుస్తోంది. జలుబు చేసి నెల రోజులుగా గొంతు బొంగురుపోయింది. ఇది థైరాయిడా? మందు డోసు పెంచాలా?

జవాబు: డోసు మాట పక్కన పెట్టండి. మీరు జలుబు మీదికి నెట్టేసిన ఆ బొంగురు గొంతే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. జలుబు వల్ల పోయిన గొంతు సాధారణంగా వారం, రెండు వారాల్లో దారిలో పడుతుంది. మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టర్ స్కోప్‌తో (లోపలికి చూసే కెమెరా గొట్టంతో) స్వరతంత్రులను చూడాల్సిందే. పైగా మీకు బిళ్ల కూడా ఉంది. పొగ, గుట్కా, మద్యం అలవాట్లున్నాయో లేదో రాయలేదు. ఉన్నా లేకున్నా ఈ వారంలోనే వెళ్లండి.

థైరాయిడ్ గ్రంథి మెడ ముందు భాగంలో, కిందికి ఉంటుంది. గుటక వేస్తే పైకి కదులుతుంది. దవడ కింద అందరికీ ఉండేది లాలాజల గ్రంథి. అందులో రాయి అడ్డుపడితే తినేటప్పుడు ఉబ్బి, తర్వాత తగ్గుతుంది. మీరు అలా చెప్పలేదు కాబట్టి ఇది లింఫ్ గ్రంథి కావచ్చు. చూడకుండా ఇంతకు మించి చెప్పలేను. నోరు, నాలుక, టాన్సిల్, స్వరపేటికల నుంచి వచ్చే లింఫ్‌ను వడకట్టేవి ఈ గ్రంథులే. అందుకే బిళ్ల మెడలో ఉన్నా మూలం గొంతులో ఉండొచ్చు. టీబీ, లింఫోమా (లింఫ్ గ్రంథుల్లోనే పుట్టే క్యాన్సర్), వేరేచోట మొదలై పాకిన క్యాన్సర్... వీటిలో ఏదీ లేదని తేల్చుకోవాలి.

స్వరపేటికను కదిలించే నరం ఛాతీ వైపు దిగి, థైరాయిడ్ వెనకగా మళ్లీ పైకి వస్తుంది. స్వరతంత్రి కదలడం లేదని తేలితే ఛాతీ స్కాన్ కూడా రాస్తారు. గొంతుకు ఛాతీ స్కాన్ ఎందుకని మానేయకండి.

మీరు నరం అంటున్నది బహుశా కెరోటిడ్ ధమని. మెదడుకు రక్తం తీసుకెళ్లేది. సన్నటి మెడలో అది కొట్టుకోవడం తెలియడం మామూలే. కానీ అక్కడ గట్టిగా నొక్కితే బీపీ, నాడి పడిపోయి స్పృహ తప్పొచ్చు. లోపల కొవ్వు పేరుకుని ఉంటే ముక్క ఊడి మెదడుకు చేరే ప్రమాదమూ ఉంది. మర్దన ఈరోజే ఆపేయండి. బిళ్లే కొట్టుకుంటున్నట్టుంటే సూది పరీక్షకు (బిళ్లలో సూది గుచ్చి కణాలు తీసి చూడటానికి) ముందే డాక్టర్‌కు చెప్పండి.

ఇక సొంత వైద్యం. పాత చీటీ ఆనాటి జబ్బుకు రాసింది, ఈ బిళ్లకు కాదు. కొన్ని యాంటీబయాటిక్స్ టీబీ మీద కూడా కొంత పనిచేస్తాయి. బిళ్ల కాస్త తగ్గినట్టే తగ్గి, అసలు జబ్బు నెలల తరబడి దొరక్కుండా పోతుంది. స్టెరాయిడ్ మాత్రలు ఇంకా ప్రమాదం. లింఫోమా తాత్కాలికంగా కరిగి, బయాప్సీలో (ముక్క తీసి చేసే పరీక్షలో) కూడా స్పష్టంగా తేలకపోవచ్చు. మీరు రెండు నెలలు ఇలాగే పోగొట్టుకున్నారు. వాడిన మందుల పేర్లు రాసుకుని తీసుకెళ్లండి, దాచకండి.

సాధారణంగా గొంతు పరీక్ష, అల్ట్రాసౌండ్, సూది పరీక్ష చేస్తారు. ఇవేవీ కాకుండా ముందే బిళ్ల కోయించుకోకండి. సూది పరీక్షలో ఏమీ లేదని వచ్చినా బిళ్ల అలాగే ఉంటే మళ్లీ చూపించుకోండి. ఈలోగా ఊపిరి తీస్తుంటే శబ్దం వచ్చినా, మింగలేకపోయినా, ఉమ్మిలో రక్తం పడినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.