కొత్తగా ఆఫీసు పెడుతున్న ఆర్కిటెక్టుకు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు సొంతంగా ఆఫీసు పెడుతున్నావని తెలిసి చాలా సంతోషించాను. ఉత్తరంతో పాటు పంపిన ఆఫీసు పరిచయం పేజీ చదివాను. స్థలానికీ మనుషులకీ తగినట్టు డిజైన్ చేయడమే మీ సిద్ధాంతమని రాశావు. మంచి మాటే. కానీ దాదాపు ప్రతి ఆఫీసూ ఇదే రాసుకుంటుంది కాబట్టి, చదివిన క్లయింటుకు నీ గురించి కొత్తగా తెలిసేదేమీ ఉండదు. ఆ పేజీని కొన్నాళ్లు పక్కన పెట్టు. పెన్సిల్ పట్టుకునే ముందు మీ ఆఫీసులో ఏం జరగాలి, బిల్డింగు అప్పజెప్పాక ఏం జరగాలి అన్నది ముందు తేల్చుకో. సిద్ధాంతం ఉందో లేదో ఆ రెండు చోట్లే బయటపడుతుంది.

సైట్‌కి సర్వే డ్రాయింగు తీసుకెళ్లు, కానీ దాని మీదే ఆధారపడకు. హద్దులు, లెవెల్స్, చెట్లు అందులో ఉంటాయి. జనం అడ్డంగా నడిచి నడిచి పడిన కాలిబాట ఉండదు. వాన నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎక్కడ నిలుస్తాయో ఉండదు. పొద్దున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లు. వీలైతే గట్టి వాన పడుతున్నప్పుడు కూడా వెళ్లి నిలబడు.

ఎండ సంగతి మరీ జాగ్రత్తగా చూడు. ఉత్తరార్ధగోళంలో దక్షిణపు కిటికీ మీదికి వేసవి మధ్యాహ్నపు ఎండ బాగా పైనుంచి వస్తుంది, మామూలు సన్‌షేడ్ దాన్ని చాలావరకు ఆపేస్తుంది. పడమటి ఎండ అలా కాదు. సాయంత్రం సూర్యుడు దిగే కొద్దీ వెలుతురు సన్‌షేడ్ కిందనుంచి సూటిగా గదిలోకి వస్తుంది. సన్‌షేడ్ ఇంకాస్త పొడిగించినా పెద్దగా లాభం లేదు. అక్కడ నిలువు పలకలో, చెట్టో కావాలి. లేదంటే ఆ వైపు మెట్లు, స్టోరు రూము పెట్టి కిటికీలే తగ్గించాలి. నాలుగు వైపులా ఒకే అద్దం బిగించిన బిల్డింగు కనిపిస్తే, దాన్ని గీసినవాళ్లు ఆ సైట్‌లో ఒక్క సాయంత్రం కూడా గడపలేదని నాకు అనిపిస్తుంది.

ఫ్రాన్సిస్ కెరే అనే ఆర్కిటెక్టు పని శ్రద్ధగా చదువు. పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో తను పుట్టిన గాండో అనే ఊళ్లో, బెర్లిన్‌లో ఇంకా చదువుకుంటూనే ప్రైమరీ స్కూలు కట్టించాడు. 2001లో పూర్తయింది. గోడలకు అక్కడి మట్టిలో కొంచెం సిమెంటు కలిపి ఒత్తిన ఇటుకలు వాడారు. రేకుల కప్పు గదికి నేరుగా తగలదు, పైకెత్తి ఉంటుంది. కింద ఇటుకలతో పేర్చిన సీలింగులో సందులుంటాయి. గదిలో వేడెక్కిన గాలి ఆ సందుల్లోంచి పైకి పోతుంది, రేకు కింద వీచే గాలి దాన్ని లాక్కుపోతుంది. నన్ను ఇంతకంటే ఆకట్టుకున్నది ఆ కప్పును మోసే ట్రస్సు, అంటే కడ్డీల చట్రం. పెద్ద ఉక్కు దూలాలు అంత దూరం చేర్చడం కష్టం, ఎత్తడానికి క్రేన్ లేదు. అందుకని మామూలు ఇనుప కడ్డీలతో డిజైన్ చేశాడు. చేతి రంపంతో కోయడం, చిన్న మెషిన్‌తో వెల్డింగ్ చేయడం ఊరివాళ్లకు నేర్పితే వాళ్లే కట్టేశారు. తర్వాత అదే ఊళ్లో టీచర్ల ఇళ్లూ, స్కూలుకు మరో భవనమూ వచ్చాయి. నువ్వు కూడా డీటెయిల్ గీసే ముందు మేస్త్రీని పక్కన కూర్చోబెట్టుకుని, నీకు బాగా వచ్చిన పని ఏది అని అడుగు. పాడైతే అక్కడివాళ్లు బాగుచేసుకోలేని వస్తువు ఎంత అందంగా ఉన్నా వద్దు.

ఇక మనుషులు. మనకు ఫీజు ఇచ్చేవాళ్లు ఒకరు, బిల్డింగు వాడుకునేవాళ్లు చాలాసార్లు వేరొకరు. ఆసుపత్రి కట్టించేది ట్రస్టు. రాత్రి రెండింటికి వార్డు బయట కూర్చునేది పేషెంటు తాలూకు మనిషి. ఆ మనిషికి వీపు ఆన్చుకునే బెంచీ కావాలి, ఫోన్ చార్జింగ్‌కి ప్లగ్ కావాలి, నర్సు పిలిస్తే వినబడేంత దగ్గరలో చోటు కావాలి. ఇవేవీ ఎవరూ నీకు రాసివ్వరు. నేల తుడిచేవాళ్లు బకెట్ ఎక్కడ నింపుతారు, మురికి నీళ్లు ఎక్కడ పారబోస్తారు అన్నదీ అంతే. ప్రతి అంతస్తులో ఒక కుళాయి, ఒక డ్రెయిన్, తుడిచే సామాను పెట్టే చిన్న గది ముందే ప్లాన్‌లో చూపించు. చివర్లో ఇరికిస్తే అది మెట్ల కిందకు పోతుంది.

బిల్డింగు వాడుకునేవాళ్లతో మాట్లాడేటప్పుడు, మీకేం కావాలి అని అడగకు. ఎక్కడో చూసినదే చెబుతారు. నిన్న పొద్దున తలుపు తీసిన దగ్గర్నుంచి ఏమేం చేశారని అడుగు. మీటింగులో నోరు విప్పనివాళ్లను తర్వాత విడిగా కలువు.

ఇలా వినడం వల్ల ప్లాన్ ఎంత మారిపోతుందో చిలీలోని ఇకికే నగరంలో చూడొచ్చు. నగరం మధ్యలో అర హెక్టారు స్థలంలో ముప్పై ఏళ్లుగా ఉంటున్న సుమారు వంద కుటుంబాలకు ఇళ్లు కట్టాలి. ఒక్కో కుటుంబానికి స్థలంతో కలిపి 7,500 డాలర్ల సబ్సిడీ. ఆర్కిటెక్టు అలెహాంద్రో అరవేనా బృందం ‘ఎలిమెంటల్’ ఆ కుటుంబాలను ఊరి చివరికి పంపలేదు, పనులూ స్కూళ్లూ దగ్గరున్న చోటే ఉంచింది. ఆ డబ్బుకి మంచి ఇంట్లో సగమే వస్తుంది కాబట్టి, జనం సొంతంగా కట్టుకోలేని సగాన్ని తాము కట్టి, మిగతా సగానికి ఖాళీ వదిలారు. 2004లో అప్పజెప్పాక కుటుంబాలు ఆ ఖాళీని తమకు కావలసినట్టు నింపుకున్నాయి.

ఒక్కోసారి ఏమీ కట్టవద్దని చెప్పడమే సరైన సలహా అవుతుంది. 1996లో ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో ఒక చిన్న చౌక్‌ను అందంగా మార్చమని లకటాన్, వసాల్ అనే ఆర్కిటెక్టుల జంటను అడిగారు. వాళ్లు వెళ్లి చూసి, అక్కడివాళ్లతో మాట్లాడి, ఇది ఇప్పటికే బాగుందని తేల్చారు. కొత్త గులకరాళ్లు పరచండి, తరచుగా శుభ్రం చేయండి, చెట్లకు వైద్యం చేయించండి అని చెప్పారు. అలా చెప్పాలంటే ధైర్యం కావాలి, ఆఫీసు ఖర్చులు గుర్తొచ్చి టెన్షన్ కూడా వస్తుంది. అందుకే సైట్ స్టడీకి ఫీజు విడిగా అడుగు, మొదటి ప్రాజెక్టు నుంచే.

అగ్రిమెంటులో ఇంకొక్కటి చేర్చు: బిల్డింగు వాడుకలోకి వచ్చిన ఏడాదికి ఒకసారి, మూడేళ్లకు ఒకసారి నువ్వు వెళ్లి చూస్తావని. కెమెరా కంటే నోటుబుక్కు ముందు తియ్యి. ఏ కిటికీకి అట్టముక్క అడ్డం పెట్టారు, ఏ తలుపుకి శాశ్వతంగా తాళం పడింది, కుర్చీలు ఎక్కడికి లాక్కుని కూర్చుంటున్నారు అన్నవి రాసుకో. తర్వాతి ప్రాజెక్టు మొదటి మీటింగులో ఆ పేజీలు టేబుల్ మీద ఉండాలి.

మొదటి సైట్ నోట్సు తయారయ్యాక నాకు పంపు. ప్లాన్ ఇంకా గీయకపోతే మరీ మంచిది, తీరిగ్గా చదివి జవాబు రాస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు