మేనమామ పిటిషన్, క్యాంపస్ ఉద్యోగం

ప్రశ్న: బీటెక్ ఫైనలియర్ చదువుతున్నాను. 22 నిండాయి. అమెరికా పౌరుడైన మా మేనమామ 2006లో అమ్మ పేరిట పెట్టిన ఎఫ్4 పిటిషన్‌కు (తోబుట్టువులకు గ్రీన్‌కార్డు కోసం వేసేది) ఇప్పుడు కాగితాలు పంపమన్నారు. ఆ పని నా మీద పడింది. 21 దాటిన నేనూ వెళ్ళగలనా? క్యాంపస్‌లో వచ్చిన ఉద్యోగంలో చేరనా, ఆగనా?

జవాబు: చేరండి. ప్రపంచం మొత్తానికీ ఎఫ్4 కింద ఏటా ఇచ్చేవి సుమారు 65,000 వీసాలే. ఇన్నేళ్ళు నడిచిన ఫైలు రేపే తేలుతుందని ఉద్యోగం వదులుకోకండి. ఆఫర్ లెటర్‌లో బాండ్ ఉంటే మాత్రం, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో చదివాకే సంతకం పెట్టండి.

ఇక వయసు. 21 దాటగానే పేరు కొట్టేయరు. వీసా బులెటిన్‌లో (ఎవరి వంతు వచ్చిందో అమెరికా ప్రభుత్వం నెలనెలా చెప్పే ప్రకటన) మీ వంతు వచ్చిన నాటి వయసులోంచి, పిటిషన్ వేసినప్పటి నుంచి ఆమోదం దాకా పట్టిన కాలాన్ని తీసేస్తారు. ఆమోదానికి 3 ఏళ్ళ 7 నెలలు పట్టిందనుకుందాం. వంతు వచ్చేనాటికి మీకు 22 ఏళ్ళ 10 నెలలుంటే, లెక్కలో మీ వయసు 19 ఏళ్ళ 3 నెలలే. 21 లోపే కాబట్టి మీరూ వెళ్ళొచ్చు. అమెరికాలో అడుగుపెట్టేదాకా పెళ్ళి కాకూడదు. వంతు వచ్చిన ఏడాదిలోపు మీ డీఎస్-260 (ఆన్‌లైన్ ఇమిగ్రెంట్ వీసా దరఖాస్తు) వెళ్ళిపోవాలి.

అందుకే అన్నిటికంటే ముందు మావయ్యగారిని అమెరికా ఇమిగ్రేషన్ శాఖ పంపిన ఐ-797 నోటీసులు రెండూ అడగండి: పిటిషన్ అందిందని ఒకటి, ఆమోదించామని ఒకటి. ఆయన పాత ఫైళ్ళలోనో, అప్పటి లాయరు దగ్గరో ఉండాలి. ఇంట్లో అందరూ ఆధార్ జిరాక్సులు పదేసి తీసిపెడతారు, ఇవి ఎక్కడున్నాయంటే మొహమొహాలు చూసుకుంటారు!

తర్వాత తలనొప్పి అమ్మగారి జనన ధ్రువపత్రం. అమ్మగారూ మావయ్యగారూ అక్కాతమ్ముళ్ళో, అన్నాచెల్లెళ్ళో అని రుజువయ్యేది ఇద్దరి పత్రాల్లోని తల్లిదండ్రుల పేర్లతోనే. ఇంట్లోనే పుట్టి, నమోదు కాకపోతే మున్సిపాలిటీ నుంచో పంచాయతీ నుంచో నమోదు లేదన్న పత్రం తీసుకుని, దానికి టెన్త్ సర్టిఫికెట్, ఆమె పుట్టుక తెలిసిన పెద్దల అఫిడవిట్లు జతచేయండి. టెన్త్‌లో పుట్టింటి పేరు, పాస్‌పోర్టులో అత్తింటి పేరు ఉంటే రెంటినీ కలిపేది పెళ్ళి సర్టిఫికెట్.

స్కాన్ చేసేటప్పుడు జిరాక్సును కాదు, ఒరిజినల్‌నే కలర్‌లో చేయండి. వెనక ముద్ర ఉంటే రెండు వైపులా. గెజిటెడ్ సంతకాల కోసం ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేదు. ఒరిజినల్స్ ఇంటర్వ్యూ రోజు మీ చేతిలో ఉంటే చాలు. తెలుగులో ఉన్న పత్రాలకు ముద్రలతో సహా పూర్తి ఇంగ్లీషు అనువాదం కావాలి. రెండు భాషలూ తనకు వచ్చనీ, అనువాదం సరైనదేననీ అనువాదకుడు రాసి సంతకం చేయాలి. ఆదాయం, పన్ను కాగితాలు మావయ్యగారి వంతు.

మీ సొంత కాగితాలు మరవకండి. మార్కుల మెమోలు, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ), యూనివర్సిటీ ట్రాన్‌స్క్రిప్టులు అక్కడ ఉద్యోగానికైనా ఎమ్మెస్‌కైనా అడుగుతారు. సముద్రం దాటాక ఎగ్జామ్ బ్రాంచ్‌కి ఫోన్లు చేసే బదులు, ఊళ్ళో ఉండగానే రెండు సెట్లు తీసి పెట్టుకోండి.