ఆ వాక్యానికి ముందున్న వాక్యం

ప్రశ్న: అక్కా వందనాలు. మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. మా ఆయనకి రెండు కిడ్నీలూ పాడైపోయాయి, ఏడాదిన్నర నుంచి వారానికి మూడుసార్లు డయాలసిస్. నేను ఇంట్లోనే మిషన్ కుడతాను. పోయిన డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో కొత్త ఏడాదికని నేను తీసిన వాగ్దానం కార్డులో, అంటే బైబిల్ వాక్యం రాసిన కార్డులో, "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అని వచ్చింది, ఎంతో సంతోషంగా తెచ్చి మిషన్ ఎదురుగా గోడకి అంటించుకున్నా. కానీ నాకు ఏ బలమూ రాలేదక్కా, రాత్రయితే ఏడుపే. సంఘంలో ఒకామె నీకు విశ్వాసం చాల్లేదు అందుకే స్వస్థత రావట్లేదు అంది. ఇంకొకాయన డయాలసిస్ ఆపేసి పూర్తిగా ప్రభువు మీద ఆనుకోండి అంటున్నాడు. అసలు క్రీస్తుని నమ్ముకుంటే బలం ఎలా వస్తుంది?
— ఒక సోదరి, ప్రకాశం జిల్లా

జవాబు: చెల్లెమ్మా, మిగతావన్నీ తర్వాత, ముందు ఈ మాట విను. డయాలసిస్ ఒక్క పూట కూడా ఆపొద్దు. కిడ్నీలు పని చెయ్యని మనిషికి అది ఆపేస్తే ఒంట్లో నీరు చేరుతుంది, రక్తంలో పొటాషియం పెరుగుతుంది, గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది, ఇది రోజుల్లో జరిగిపోయే సంగతి. ఆపేయమన్నాయన ఎంత ప్రార్థనాపరుడైనా సరే ఈ విషయంలో ఆయన మాట వినకు. అపొస్తలుడైన పౌలు తన శిష్యుడు తిమోతికి కడుపు జబ్బు గురించి రాస్తూ నీళ్ళే తాగకుండా కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు, అంటే ఆ రోజుల్లో మందుగా వాడేది వాడమన్నాడు, అంతేగానీ నీ విశ్వాసం ఏమైందిరా అని అడగలేదు. తనతో తిరిగిన త్రోఫిము జబ్బుపడితే మిలేతులో విడిచిపెట్టి వచ్చానని ఆయనే రాశాడు. పౌలు చేతి గుడ్డలు తీసుకెళ్తే రోగులు బాగయ్యారని అపొస్తలుల కార్యాల్లో చదువుతాం కదా, అలాంటి ఆయన పక్కన తిరిగినవాళ్ళే జబ్బుతో ఉండిపోయారు, మరి వాళ్ళందరికీ విశ్వాసం చాల్లేదా? నీతో ఆ మాట అన్నామెని నువ్వు క్షమించు, కానీ ఆ మాటని మాత్రం మనసులో ఉంచుకోకు.

ఇప్పుడు నీ కార్డు సంగతి. అది ఫిలిప్పీ 4:13, పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన ఉత్తరంలోది. మన ఇళ్ళల్లో క్యాలెండర్ మీదా, పిల్లల పరీక్ష అట్టల మీదా, ఆటోల వెనకాలా ఎక్కడ చూసినా అదే ఉంటుంది, కానీ దాని ముందున్న 12వ వచనం ఎవరూ అంటించుకోరు. బైబిల్ తీసి చూడు, కడుపు నిండియుండుటకును ఆకలిగొనియుండుటకును, సమృద్ధి కలిగియుండుటకును లేమిలో ఉండుటకును నేర్చుకొనియున్నాను అంటాడు. సంకెళ్ళలో ఉండి రాసిన ఉత్తరం అది. "సమస్తము" అన్నాడే, ఆ సమస్తంలో ఆకలి ఉంది, లేమి ఉంది. అనుకున్నవన్నీ సాధిస్తాను అని కాదు, ఏ స్థితి వచ్చినా అందులో క్రీస్తు చెయ్యి వదలకుండా ఉండగలను అని. ఇంకోటి చూడు, "నేర్చుకొనియున్నాను" అన్నాడు, అంటే అంత గొప్ప పౌలుకి కూడా అది పుట్టుకతో రాలేదు, ఒక్క రాత్రి ఆరాధనలోనూ రాలేదు. నువ్వు జాకెట్ కుట్టడం ఎలా నేర్చుకున్నావు, ఎన్ని గుడ్డలు పాడయ్యాయి, ఇదీ అలాగే.

ఆ తర్వాత 14వ వచనం కూడా చదువు, నాకు అన్నిటికంటే ఇష్టమైంది అదే. నా శ్రమలో మీరు పాలుపుచ్చుకోవడం మంచి పని అంటాడు. నన్ను బలపరిచేవాడు క్రీస్తు అని చెప్పిన నోటితోనే ఫిలిప్పీ సంఘం పంపిన సహాయం అందింది అంటున్నాడు, ఆ సహాయం మోసుకొచ్చిన ఎపఫ్రొదితు కూడా జబ్బుపడి చావు దాకా వెళ్ళొచ్చాడు. క్రీస్తు బలం పౌలుకి ఆ మనిషి చేతుల్లోనుంచే వచ్చింది చెల్లెమ్మా. మీ ఒంగోలు చరిత్రే చూడు, 1854 జనవరి 1న తెల్లవారకముందే అమెరికా మిషనరీ జ్యూయెట్ దొరగారితో కలిపి అయిదుగురు మనుషులు ఒంగోలు కొండెక్కి ఈ ఊరికి ఒక మిషనరీని పంపమని ప్రార్థన చేస్తే, ఆ మిషనరీ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చింది 1866లో, పన్నెండేళ్ళు పట్టింది. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి అందరూ చెప్తారు గానీ నాకు గుర్తొచ్చేది దానికి ముందు 1876-78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి దొరికేలా చెయ్యడం. ఆకలితో ఉన్నవాళ్ళకి ప్రార్థన ఒక్కటే చేసి పంపలేదు, చేతికి పార ఇచ్చి కూలి ఇచ్చారు.

అందుకే నువ్వు ఈ ఆదివారం పాస్టరు అయ్యగారి దగ్గరికి వెళ్ళి మా కోసం ప్రార్థన చెయ్యండి అని ఊరుకోకు. వారానికి మూడు రోజుల్లో ఒక రోజు మా ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళి తీసుకొచ్చే మనిషి కావాలి అని అడుగు. నోరు తెరిచి అడగడానికి సిగ్గుపడకు, ఆ రోజు నువ్వు నాలుగు జాకెట్లు కుట్టుకో, లేదంటే పడుకో. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద పడుకుని నా ప్రాణం తీసెయ్యి అని ఏడిస్తే దేవదూత ముందు ప్రసంగం చెయ్యలేదు, రొట్టె పెట్టి నీళ్ళిచ్చి పడుకోనిచ్చాడు, అదీ రెండుసార్లు. అలాగే చనిపోయినవాళ్ళ అవయవాలు అవసరమైనవాళ్ళకి అందించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో కిడ్నీ కోసం మీ ఆయన పేరు నమోదు చేయించే వీలుందేమో మీ డాక్టరుగారిని ఒకసారి అడిగి చూడు.

ఇక రాత్రి ఏడుపు. మా తమ్ముడి కోసం మేం నలభై రోజులు ఉపవాస ప్రార్థన చేశాం, వాడు దక్కలేదు. ఆ తర్వాత ఎనిమిది నెలలు నా నోట ప్రార్థన రాలేదు, గుడికి వెళ్ళేదాన్ని, వెనక చాప మీద కూర్చునేదాన్ని, పక్కనున్న ముసలమ్మ పాడుతుంటే వినేదాన్ని అంతే. అప్పుడు 88వ కీర్తన కనబడింది, "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని అక్కడికి ఆగిపోతుంది అది, తర్వాత ఒక్క మంచి మాట కూడా లేదు. అలాంటి మాట కూడా దేవుడు తన గ్రంథంలో ఉండనిచ్చాడంటే నా మాట కూడా వింటాడు అనిపించి ఆ రాత్రి గట్టిగా ఏడ్చి, నీ మీద నాకు కోపంగా ఉంది ప్రభువా అన్నాను. నా ప్రార్థన మళ్ళీ అక్కడే మొదలైంది. నువ్వూ ఏడుపు ఆపుకోకు, ఆయన వైపు తిరిగి ఏడువు. మార్కు 9లో జబ్బు బిడ్డని యేసయ్య దగ్గరికి తీసుకొచ్చిన తండ్రి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అన్నాడు, సగం సగం నమ్మకమే కదా, యేసయ్య దాంతోనే పని జరిగించాడు.

ప్రశ్న: రోజూ వాక్యం చదువుతున్నా ఏమీ అనిపించట్లేదు. ఆత్మీయంగా ఎదుగుతున్నానో లేదో ఎలా తెలుస్తుంది అక్కా?
— డిగ్రీ విద్యార్థి, ఖమ్మం

జవాబు: తమ్ముడూ, మార్కు 4లో యేసయ్య చెప్పిన రైతుని చూడు, విత్తనం చల్లి పడుకుంటాడు లేస్తాడు, వాడికి తెలియకుండానే అది మొలుస్తుంది, ముందు మొలక, తర్వాత వెన్ను, ఆ తర్వాత గింజ. రోజూ పీకి చూస్తే చచ్చిపోతుంది. నీకు ఏమనిపిస్తోంది అన్నది పక్కనపెట్టి మీ అమ్మగారిని అడుగు, ఏడాది కింద వాడికి కోపమొస్తే ఎలా ఉండేవాడు, ఇప్పుడెలా ఉన్నాడు అని. ఆమె ఏం చెప్పిందో నాకు రాయి.